ఫ్రెంచ్, జర్మన్ రెండూ డిగ్రీలో చదవాలంటే హైదరాబాద్ నుంచి ఎలా అప్లై చేయాలి?

విద్యానగర్_అక్క

అందరికీ నమస్తే. మా చెల్లి ఇంటర్ సెకండియర్, సీఈసీ. సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. బీకామ్ వద్దంటోంది, ఫ్రెంచ్, జర్మన్ రెండూ కలిపి డిగ్రీ చేస్తానంటోంది. ఇంట్లో ఒప్పుకున్నారు, కానీ దారి ఎవరికీ తెలియదు. ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరు విన్నాం. అక్కడ రెండు భాషలూ ఒకే డిగ్రీలో ఉంటాయా? సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలా, ఇఫ్లూ వాళ్లే పరీక్ష పెడతారా? ఏ పేపర్లు ఎంచుకోవాలి? ఇప్పటి నుంచే జర్మన్ కోచింగ్‌లో చేర్చాలా? బయటి దేశాలకు నేరుగా వెళ్లే అవకాశం ఉంటే అది కూడా చెప్పండి. మాది బీసీ-బీ, ఆ సర్టిఫికెట్ మా దగ్గర ఉంది.

భాషలబాట

ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పాలండి. "ఫ్రెంచ్ అండ్ జర్మన్" అని రెండు భాషలకూ సమానంగా పట్టా ఇచ్చే పద్ధతి బ్రిటన్‌ది. మన దగ్గర బీఏ ఆనర్స్ ఒక భాషలోనే ఉంటుంది, రెండోది ఐచ్ఛికంగా గానీ, బయట సర్టిఫికెట్ కోర్సుగా గానీ వస్తుంది. అందుకని "రెండూ ఎక్కడ దొరుకుతాయి" అని వెతక్కండి. "డిగ్రీ దేనిలో, పక్కన నడిపేది ఏది" అన్నది ముందు తేల్చుకోండి. అది తేలితే అప్లికేషన్ సగం పూర్తయినట్టే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మొదటి గమ్యం ఇఫ్లూయే. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలను పేరులో కలుపుకుని, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది, విద్యానగర్ నుంచి మీకు దగ్గరే. ఫ్రెంచ్‌లో బీఏ ఆనర్స్ ఉంది, జర్మన్‌లోనూ ఉంది. భాష ముందే వచ్చి ఉండాలన్న షరతు లేదు, అక్షరాల నుంచి మొదలుపెడతారు. ఢిల్లీలో జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీల్లో కూడా రెండు భాషలకూ విడివిడిగా బీఏ ఆనర్స్ ఉంది. హాస్టల్‌కు సిద్ధమైతే ఆ రెండూ వదలొద్దు. పరీక్ష ఒక్కటే కాబట్టి అదనపు శ్రమ పెద్దగా ఉండదు.

ఆ పరీక్షే సీయూఈటీ-యూజీ. 2022లో మొదలైంది, కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. 2025 నుంచి రూపం మారింది. మొత్తం 37 పేపర్లలో గరిష్ఠంగా 5 రాయొచ్చు. ఒక్కో పేపర్‌కు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, అన్నీ కంప్యూటర్ మీదే. సరైన జవాబుకు 5, తప్పుకు మైనస్ 1. ఇక్కడే చాలామంది పాత వీడియోలు చూసి పొరబడుతున్నారు. 2024 దాకా ఫ్రెంచ్, జర్మన్ కూడా సీయూఈటీ పేపర్లుగా ఉండేవి. 2025లో భాషల జాబితాను 33 నుంచి 13కు కుదించారు. మిగిలినవి ఇంగ్లిష్, భారతీయ భాషలే. ఇంటర్‌లో ఫ్రెంచ్ చదివింది కాబట్టి ఫ్రెంచ్ పేపర్ రాస్తుందని ఎవరైనా చెబితే పట్టించుకోకండి, ఆ పేపరే లేదు.

కాబట్టి ఎంచుకోవాల్సినవి ఇంగ్లిష్, జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్. కోడ్‌లు 101, 501. విదేశీ భాషల బీఏలకు దారి తీసేది సాధారణంగా ఈ జంటే. ఇంగ్లిష్ ఒక్కటే రాసి ఊరుకుంటే, మరో యూనివర్సిటీ ఆప్టిట్యూడ్ స్కోర్ అడిగినప్పుడు చేయడానికేమీ ఉండదు. ఫారం నింపే రోజున మీరు కోరుకునే ప్రతి కోర్సుకూ ఏ పేపర్ల కలయిక అడిగారో ఆ యూనివర్సిటీ వివరాల్లో చూసి, అన్నిటికీ సరిపోయేలా టిక్ పెట్టండి. సీఈసీ కాబట్టి ఎకనామిక్స్ లాంటి డొమైన్ (సబ్జెక్టు) పేపర్లు కూడా పెట్టుకుంటే ఢిల్లీ యూనివర్సిటీలో వేరే కోర్సులకూ దారి తెరుచుకోవచ్చు.

మార్కుల లెక్క ఒకటి చెప్పి ముగిస్తాను. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా గుడ్డిగా పెట్టినా, నాలుగు ప్రయత్నాల్లో ఒకటి తగిలితే 5 వస్తుంది, మూడు పోతే 3 పోతుంది. అంటే సగటున నష్టం లేదు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే సగటున ప్రశ్నకు 2 మార్కుల లాభం. ఎంసెట్ అలవాటు వేరు, జేఈఈ భయం వేరు. ఇక్కడ ఖాళీగా వదిలేయడమే ఎక్కువ నష్టం.

మీసేవ_క్యూ

భాషలబాట గారు పరీక్ష గురించి చెప్పారు. సీట్లు ఎక్కువగా పోయేది మాత్రం కాగితాల దగ్గరే. అక్కా, మీ దగ్గరున్న బీసీ-బీ సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు. అది రాష్ట్రానిది. ఇఫ్లూ, జేఎన్‌యూ, డీయూ అన్నీ కేంద్రానివి కాబట్టి అక్కడ అడిగేది ఓబీసీ నాన్ క్రీమీ లేయర్, కేంద్ర ప్రభుత్వ నమూనాలో. మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది.

దానికంటే ముందు మీ కులం పేరు తెలంగాణకు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. ఉంటే 27 శాతం కోటా వర్తిస్తుంది. లేకపోతే కేంద్రం లెక్కలో మీరు జనరల్ కిందకే వస్తారు. అప్పుడు అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా) చూసుకోవాలి.

ఈ రెండింట్లోనూ 8 లక్షలే పరిమితి, కానీ లెక్క వేరు. ఓబీసీ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. అయితే వాళ్లు చేసే ఉద్యోగం హోదా మాత్రం విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలుపుతారు. పైగా 5 ఎకరాల పొలం, 1000 చదరపు అడుగుల ఫ్లాట్, మున్సిపాలిటీలో 100 గజాల స్థలం, వీటిలో ఏది ఉన్నా అర్హత పోతుంది. నాన్నగారి జీతం ఎక్కువని ఓబీసీ సర్టిఫికెట్‌కు వెళ్లకుండానే ఊరుకునేవాళ్లున్నారు. అది పొరపాటు.

తేదీ సంగతి. ఏప్రిల్ 1 దాటాక ఇచ్చిన, ఆ ఆర్థిక సంవత్సరం సర్టిఫికెట్ అడుగుతారు. సీయూఈటీ ఫారం సాధారణంగా అంతకు ముందే మొదలవుతుంది, తేదీ ఏటా మారుతుంది. 2025లో మార్చి 1న మొదలైంది. ఫారం నింపేటప్పుడు ఉన్న పాత సర్టిఫికెట్ అడ్మిషన్ నాటికి పనికిరాకపోవచ్చు. ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి మీసేవలో పెట్టేయండి. మే, జూన్ నెలల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ అడ్మిషన్ల జనమంతా అక్కడే ఉంటారు.

ఇక పేరు. పదో తరగతి మెమోలో ఎలా ఉందో సీయూఈటీ ఫారంలో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మనవాళ్లలో మెమోలో "కె. శ్రావణి" అని, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, ఇలా మూడు రకాలుగా ఉంటుంది. దీన్ని ఇప్పుడే, ఆగస్టులోనే, మెమో ప్రకారం ఆధార్‌ను మార్చి సరిచేయండి. ఫారం ముందు కూర్చుని మొదలుపెడితే అప్‌డేట్ సమయానికి రాదు.

ఇంకొక్కటి. నెట్ సెంటర్‌లో ఫారం నింపిస్తే మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ మీవే పెట్టించండి. తొందరలో సెంటర్ వాళ్ల మెయిల్ పెట్టేస్తారు. తప్పులు దిద్దుకునే విండో ఒక్కసారే ఇస్తారు, అందులోనూ మెయిల్, ఫోన్ మార్చనివ్వరు. జూలైలో కౌన్సెలింగ్ ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతుందో ఆలోచించండి.

విద్యానగర్_అక్క

చాలా థాంక్స్ అండి. బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం, రేపే కేంద్ర జాబితా చూస్తాం. జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టించాలా అన్నదానికి ఎవరైనా చెప్పగలరా? కోచింగ్ సెంటర్ వాళ్లు రెండూ ఒకేసారి తీసుకుంటే ఫీజు తగ్గిస్తామన్నారు.

అరసున్న

ఫీజు తగ్గినా వద్దండి. రెండు కొత్త యూరప్ భాషలు ఒకే నెలలో సున్నా నుంచి మొదలుపెడితే రెండూ కలగాపులగం అవుతాయి. కారణం చెబుతాను.

ప్రతి నామవాచకానికీ లింగం గుర్తుపెట్టుకోవాలి. ఫ్రెంచ్‌లో సూర్యుడు పుంలింగం, "ల సొలెయ్". చంద్రుడు స్త్రీలింగం, "లా ల్యూన్". జర్మన్‌లో సరిగ్గా తిరగబడుతుంది. సూర్యుడు "దీ జొన్నె", స్త్రీలింగం. చంద్రుడు "దెర్ మోంట్", పుంలింగం. పైగా జర్మన్‌లో మూడో లింగం కూడా ఉంది. అమ్మాయి, "దస్ మేట్‌షెన్", నపుంసకం. ఒక భాషలో ఇది చెవికి అలవాటు కాకముందే రెండోది వస్తే మెదడు రెంటినీ ఒకే గూట్లో పెడుతుంది. మాటలు కూడా అంతే. ఫ్రెంచ్‌లో "రెగాల్" అంటే విందులాంటి రుచి, జర్మన్‌లో "రెగాల్" అంటే పుస్తకాల అర. అంకెలు మరీ ప్రమాదం. జర్మన్‌లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు. ఫ్రెంచ్‌లో 70 అంటే "అరవై పది", 80 అంటే "నాలుగు ఇరవైలు", 90 అంటే "నాలుగు ఇరవైలు పది". లిజనింగ్ పరీక్షలో రైలు టైమ్, ఫోన్ నంబర్, ధర వినిపించేది ఇలాగే. మార్కులు పోయేదీ అక్కడే.

అందుకని ఒక భాష ఏ2 (యూరప్ భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని కిందినుంచి పైకి ఆరు మెట్లు) పూర్తయి బీ1లో అడుగుపెట్టాకే రెండోది మొదలుపెట్టాలి. మీ చెల్లికి ఫ్రెంచ్ పునాది ఎంతో కొంత ఉంది కాబట్టి ఫ్రెంచ్ ముందు. అయితే ఇంటర్ ఫ్రెంచ్ మార్కులను నమ్మి నేరుగా బీ1 బ్యాచ్‌లో కూర్చోబెట్టకండి. ఇంటర్ ఫ్రెంచ్ పరీక్ష రాత మీద నడుస్తుంది. క్రియారూపాలు, అనువాదం, లెటర్ వస్తాయి, వినడం దగ్గర ఆగిపోతారు. ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయించండి. ఎక్కువమంది ఏ1 చివర్లోనో, ఏ2 మొదట్లోనో తేలతారు. అది అవమానం కాదు. సరైన మెట్టు మీద కూర్చుంటే ఆరు నెలల్లో పైమెట్టుకు పోతారు.

లెక్క కావాలంటే ఇది. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి రెండు గంటలు అనుకుంటే వారానికి 6 గంటలు. ఏ1కు దాదాపు 100 గంటల తరగతి పడుతుంది, అంటే దాదాపు నాలుగు నెలలు. బీ2 దాకా సున్నా నుంచి చూస్తే దాదాపు 600 గంటలు. "ఆరు నెలల్లో బీ2" అని బోర్డు పెట్టినచోట, రోజుకు ఎన్ని గంటలు చెబుతారో అడిగి గుణించి చూడండి, తేలిపోతుంది.

తెలుగువాళ్లకు రెండు చోట్ల మంచి పట్టు ఉంది, ఎవరూ వాడుకోరు. ఒకటి, ఫ్రెంచ్ ముక్కుపలుకు. ద్రాక్షసారాకు "వ్యాఁ", గాలికి "వాఁ", వాళ్లు వెళ్తారు అనడానికి "వోఁ". మూడింటినీ ఇంగ్లిష్ దారిలో నేర్చుకుంటే చివర "న్" తగిలిస్తారు. మనకు అరసున్న తెలుసు. "వాఁడు" అని పాత పుస్తకంలో ఎలా పలికేవారో అలా గాలి ముక్కులోకి వదిలి, నాలుక పైకి తగలకుండా ఆపితే చాలు. రెండోది, జర్మన్ వాక్యం. "ఎందుకంటే నాకు ఇవాళ టైమ్ లేదు" అనడానికి "వైల్ ఇష్ హొయ్టె కైనె ట్సైట్ హాబె" అంటారు. ఇందులో "హాబె" అనే క్రియ మన వాక్యంలోలాగే చివరికి పోయింది. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు దాన్ని మధ్యలోకి లాగి తప్పు చేస్తారు, తెలుగులో ఆలోచిస్తే అది దాని చోటే కూర్చుంటుంది.

మనకు కష్టమయ్యేది మాట చివర. పదం హల్లుతో ముగిస్తే మనం తెలియకుండానే అచ్చు కలుపుతాం, బస్సు, కారు అన్నట్టు. ఫ్రెంచ్‌లో ఆ చిన్న అచ్చు వల్ల అర్థమే మారిపోవచ్చు. "ల్యూన్"లో ఉన్న ఆ "యూ" ధ్వని కూడా సాధన చేయాలి. "ఈ" అంటూ నాలుకను కదపకుండా పెదాలు మాత్రం "ఊ" అన్నట్టు గుండ్రంగా చేయాలి. జర్మన్‌లో రెండు చుక్కల "యూ" కూడా అదే ధ్వని. ఒకసారి నేర్చుకుంటే రెండు భాషలకూ పనికొస్తుంది.

సాయంత్రం_బ్యాచ్

అరసున్న గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. డిగ్రీకి ఫ్రెంచే ఎంచుకోవాలని ముందే గిరి గీసుకోవద్దు. డిగ్రీలో రెండు భాషలనూ సున్నా నుంచే చెబుతారు కాబట్టి, కొద్దిగా వచ్చిన భాషకు సీటు వాడుకోవడం కంటే, అసలు రాని జర్మన్‌ను డిగ్రీలో తీసుకుని, ఫ్రెంచ్‌ను బయట సర్టిఫికెట్లతో బీ2 దాకా తీసుకెళ్లడం తెలివైన పని. జర్మన్ విభక్తులకు రోజూ క్లాస్‌రూమ్ కావాలి. ఫ్రెంచ్ పునాది ఉన్నవాళ్లు వారానికి మూడు రోజులతో నడిపేయగలరు. కౌన్సెలింగ్‌లో ప్రాధాన్య క్రమం రాసేటప్పుడు ఇది ఆలోచించండి.

ఆ సర్టిఫికెట్ల సంగతి వివరంగా చెబుతాను. హైదరాబాద్‌లో ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కు బంజారాహిల్స్‌లోని గోథె సెంట్రుమ్. ఇఫ్లూలో కూడా సాయంత్రం పార్ట్‌టైమ్ కోర్సులుంటాయి. సర్టిఫికెట్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా అని వరుసగా. డిగ్రీ ఒకచోట, రెండో భాష సాయంత్రం ఇంకోచోట, అది ఈ ఊళ్లో బాగా కుదిరే ఏర్పాటు.

ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్. ఏ1 నుంచి బీ2 దాకా నాలుగు మెట్లు, ఆ పైన సీ1, సీ2లకు దాల్ఫ్. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 100కు 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. మాట్లాడడంలో 4 వచ్చి మిగతావి దండిగా వచ్చినా ఫెయిలే. ఈ సర్టిఫికెట్‌కు గడువు లేదు, జీవితాంతం చెల్లుతుంది. టీసీఎఫ్ అని ఇంకోటి ఉంది, అది రెండేళ్లే. దూరం ఆలోచించేవాళ్లు డెల్ఫే రాయాలి.

బీ2లో రాతకు గంట టైమ్, కనీసం 250 మాటలు. మాటల లెక్క వాళ్ల పద్ధతిలో ఉంటుంది. రెండు ఖాళీల మధ్య ఉన్నదంతా ఒక మాట. "సె-తా-దీర్" ("అంటే" అని అర్థం) మూడు ముక్కలుగా వినిపించినా లెక్కలో ఒక్కటే. సొంత లెక్కతో 255 అనుకుని ఆపితే తక్కువ పడొచ్చు, 280 దాకా రాయడం మంచిది. మాట్లాడే పరీక్షకు ముందు 30 నిమిషాలు సిద్ధం కావడానికి ఇస్తారు. ఆ అరగంటలో పూర్తి వాక్యాలు రాసుకుంటే లోపల చదువుతారు, మార్కులు పోతాయి. వాదన మెట్లు మాత్రం నాలుగైదు మాటల్లో రాసుకోవాలి.

మొదటిసారి రాసినప్పుడు ఒక క్యాండిడేట్ నంబర్ ఇస్తారు. తర్వాత ఏ లెవెల్ రాసినా అదే వాడాలి. చీటీ పారేయకండి. పేరు పాస్‌పోర్టు ప్రకారమే ఇవ్వండి. పాస్‌పోర్టు లేకపోతే ముందు అది తీయించండి.

జర్మన్‌లో గోథె పరీక్ష. బీ1 నాలుగు మాడ్యూళ్లు, ఒక్కోటి 100కు. ప్రతి మాడ్యూల్‌లోనూ 60 రావాలి. మంచి సంగతేమిటంటే, ఒక్కటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాయొచ్చు. బీ2 కూడా అలాగే. ఏ1కు మాత్రం ఈ సదుపాయం లేదు. బీ1లో చదవడానికి 65 నిమిషాలు, వినడానికి 40, రాతకు 60, మాట్లాడడానికి ఇద్దరు జంటగా 15 నిమిషాలు. బీ1 రాతలో మూడు ప్రశ్నలు, సుమారు 80, 80, 40 మాటలు. మూడోది చిన్నదని తేలిగ్గా తీసుకుంటారు, కానీ అది పైవాళ్లకు మర్యాదగా రాసే ఉత్తరం. అందులో "దూ" అని నువ్వు సంబోధన వాడితే అసలుకే తప్పు, "జీ" అని మీరు వాడాలి. గారు, మీరు తెలిసిన మనకు ఇది ఎందుకో చెప్పాల్సిన పని లేదు, ఎప్పుడో గుర్తుంచుకుంటే చాలు.

ఫ్రాంక్‌ఫర్ట్_గేట్

బయటి దేశాల సంగతి అడిగారు కదా. మూడు దేశాలకు మూడు దారులు.

జర్మనీకి ఇంటర్ తర్వాత నేరుగా బ్యాచిలర్స్‌లో చేరడం మన బోర్డు వాళ్లకు సాధారణంగా కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ లాంటి మినహాయింపు దారి భాషల వాళ్లకు పనికిరాదు. స్టుడియెన్‌కొలెగ్ అనే సన్నాహక సంవత్సరం చేసి, చివర ఫెస్ట్‌స్టెలుంగ్స్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష పాసవ్వాలి. అందులో జి కోర్సు, ఎస్ కోర్సు మానవీయ శాస్త్రాలకు, భాషలకు. లేదంటే ఇక్కడ యూనివర్సిటీలో ఒక ఏడాది చదివి, అదే సబ్జెక్టులో అప్లై చేయాలి. ఇఫ్లూ లాంటి చోట సీటు వచ్చినవాళ్లకు ఈ రెండోదే మేలు, ఏడాది వృథా కాదు. 2022 నవంబర్ 1 నుంచి ఇండియా విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు. అది చేతికి వచ్చాకే మిగతావి కదులుతాయి. చాలా యూనివర్సిటీలు వింటర్ సెమిస్టర్‌కు జూలై 15 గడువు పెడతాయి కాబట్టి జనవరిలోపే మొదలుపెట్టాలి. యూని-అసిస్ట్ (చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు చూసే సంస్థ) ద్వారా అయితే మొదటి అప్లికేషన్‌కు 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీయగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ట్యూషన్ ఫీజు చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో లేదు, బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. భాష సాధారణంగా సీ1 స్థాయి. టెస్ట్‌డాఫ్ అనే జర్మన్ పరీక్షలో నాలుగు భాగాల్లోనూ 4 రావాలి, లేదా డీఎస్‌హెచ్ అనే పరీక్షలో 2వ స్థాయి.

ఫ్రాన్స్ గురించి మీ చెల్లి తప్పక తెలుసుకోవాలి. అక్కడ లైసెన్స్ (మన బ్యాచిలర్స్ లాంటిది) డిగ్రీలో ఎల్ఈఏ (అనువర్తిత విదేశీ భాషలు) అనే కోర్సు ఉంది. అందులో రెండు విదేశీ భాషలు సమాన బరువుతో చదవడం నియమం. ఇంగ్లిష్-జర్మన్ జంట చాలాచోట్ల ఉంది. బోధన ఫ్రెంచ్‌లో, పక్కన న్యాయం, ఆర్థిక శాస్త్రం, అనువాదం. అంటే ఫ్రెంచ్ ఊరి భాషగా, జర్మన్ పాఠంగా, ఇంగ్లిష్ ఎలాగూ ఉన్నదిగా, మూడూ కలుస్తాయి. మీరు అడిగిన "రెండూ కలిపి"కి, బ్రిటన్‌ను పక్కన పెడితే, ఇది బాగా దగ్గరిది. చిక్కు ఏమిటంటే జర్మన్‌ను అక్కడ చాలాచోట్ల మొదటి నుంచి చెప్పరు, బీ1 స్థాయిలోనైనా ఉండాలి. ఫ్రెంచ్ బీ2 అవసరం. మొదటి ఏడాది ప్రవేశానికి క్యాంపస్ ఫ్రాన్స్ (విదేశీ విద్యార్థుల కోసం ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ) వారి ఎత్యూద్ ఆఁ ఫ్రాఁస్ వేదికలో అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 15 వరకు ముందస్తు దరఖాస్తు చేయాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దాం అనుకుంటే ఏడాది పోతుంది. యూరప్ బయటివాళ్లకు ఫీజు ఏడాదికి 2,800 యూరోల పైచిలుకు, ఖర్చులకు నెలకు 615 యూరోలు చూపాలి.

బ్రిటన్‌లో ఫ్రెంచ్ అండ్ జర్మన్ నిజంగా ఒకే డిగ్రీ. నాలుగేళ్లు, మూడో ఏడాది ఆ భాషల దేశాల్లో గడపాలి. చాలా యూనివర్సిటీలు ఒక భాషను సున్నా నుంచి అనుమతిస్తాయి, రెండోదాంట్లో ఏ-లెవెల్ (అక్కడి ఇంటర్ లాంటిది) స్థాయి కావాలి. అక్కడి ఉమ్మడి దరఖాస్తు పోర్టల్ యూకాస్‌లో ఐదు ఎంపికలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు అక్టోబర్ 15 గడువు. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది. ఈ కోర్సు ఎందుకు, చదువు ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. ఒక్కోదానికి కనీసం 350 అక్షరాలు, మొత్తం 4,000 దాటకూడదు, ఖాళీలూ లెక్కే. ఇందులో "చిన్నప్పటి నుంచీ భాషలంటే ఇష్టం" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ తెలిసిన పిల్ల జర్మన్ క్రియ చివరికి ఎందుకు పోతుందో గమనించి రాస్తే, ఆ ఒక్క పేరా చదివేవాళ్లను ఆపుతుంది. ఫీజులు మాత్రం మన మధ్యతరగతికి భారం, స్కాలర్‌షిప్ లేకుండా అటు చూడమని చెప్పలేను.

విద్యానగర్_అక్క

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. ఇప్పుడు ఫ్రెంచ్ ప్లేస్‌మెంట్ టెస్ట్, డిసెంబర్‌లోపు ఏ2. సీయూఈటీలో 101, 501, ఎకనామిక్స్. ఇఫ్లూ జర్మన్ మొదటి ప్రాధాన్యం. చివరి సందేహం. సీయూఈటీ ఫలితం ఆలస్యమైతే మధ్యలో దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఏదైనా డిగ్రీ కాలేజీలో చేర్చాలా?

భాషలబాట

చేర్చండి, కానీ జాగ్రత్తగా. 2025లో సీయూఈటీ జూన్ 4 దాకా జరిగింది, ఫలితం జూలై 4న వచ్చింది. దోస్త్ మొదటి విడత అంతకు చాలా ముందే మొదలవుతుంది. కాబట్టి దోస్త్‌లో సీటు పట్టుకోవడం తప్పదు. ఫ్రెంచ్ సెకండ్ లాంగ్వేజ్‌గా ఉన్న కాలేజీ చూసుకోండి, ఇఫ్లూ రాకపోయినా భాష ఆగదు. ఫీజు కట్టేముందు, సీటు వదులుకుంటే టీసీ, ఒరిజినల్ మెమోలు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో ఆఫీసులో అడగండి. వీలైతే ఒరిజినల్స్ ఇవ్వడం చివరి రోజు దాకా ఆపండి. టీసీకి, ఇంటర్ మెమోకు, బోనఫైడ్‌కు, ఓబీసీ సర్టిఫికెట్‌కు ఐదేసి జిరాక్సులు, ఒక్కో స్కాన్ పీడీఎఫ్ ముందే తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ముఖ్యమైనది ఇంకొకటి, చాలామంది ఇక్కడే జారిపోతారు. సీయూఈటీ రాస్తే సీటు దానంతట అది రాదు. స్కోర్ వచ్చాక ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకుని ప్రాధాన్యాలు పెట్టాలి. ఇఫ్లూకు వేరు, జేఎన్‌యూకు వేరు, డీయూకు సీఎస్ఏఎస్ అనే సీట్ల కేటాయింపు పోర్టల్ వేరు. ఒక్కోసారి ఆ కిటికీ వారం రోజులే తెరిచి ఉంటుంది. జూన్ నుంచి రోజుకోసారి ఆ మూడు సైట్లూ మీరే తెరిచి చూడండి, మెసేజ్ వస్తుందని ఎదురుచూడకండి.

మీసేవ_క్యూ

అక్కా, కేంద్ర జాబితాలో మీ కులం పేరు దొరికాక, దాని పక్కనున్న ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసుకుని మీసేవకు వెళ్లండి. సర్టిఫికెట్‌లో అదే స్పెల్లింగ్ పడేలా చూడండి. పర్యాయపదమో, ఇంకో రకం స్పెల్లింగో పడితే వెరిఫికేషన్‌లో అక్కడే ఆపేస్తారు.